పెంబర్లీకి దారి స్నానాలగదిలోంచి

2008 సెప్టెంబరులో బ్రిటన్‌లోని ఐటీవీ ఛానెల్‌లో నాలుగు భాగాల సీరియల్ ఒకటి వచ్చింది. పేరు ‘లాస్ట్ ఇన్ ఆస్టెన్’, రాసింది గై ఆండ్రూస్. లండన్‌లోని హామర్‌స్మిత్‌లో ఉండే అమాండా ప్రైస్ బ్యాంకు ఉద్యోగి. పని ముగించుకుని ఇంటికొచ్చి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ తెరిస్తే చాలు, ఆమెకు లోకం గుర్తుండదు. ఒకరోజు స్నానాలగదిలో అలికిడైతే వెళ్లి చూస్తుంది. ఎదురుగా ఎలిజబెత్ బెన్నెట్, ఆ నవలలోని నాయిక! గోడలో ఒక చిన్న తలుపు ఉంది, దాని అవతల బెన్నెట్ల ఇంటి అటక. అమాండా అటు అడుగుపెడుతుంది, ఎలిజబెత్ ఇటు ఉండిపోతుంది, తలుపు మూసుకుపోతుంది. నవల మొదలయ్యే వేళకు కథానాయిక ఊళ్లో లేదు. ఆమె స్థానంలో కథ మొత్తం కంఠతా వచ్చిన ఓ పాఠకురాలు ఉంది.

రీజెన్సీ కాలపు ప్రేమకథల్లోకి నేటి మనిషిని పంపే నవలలు, సినిమాలు ఇంగ్లిషులో చాలా ఉన్నాయి. చాలావాటిలో నాయిక వెతికేది బగ్గీలు, కొవ్వొత్తుల వెలుగు, వంగి నమస్కరించే మగవాళ్లు. మంచివి మాత్రం ఆ కాలపు ఆడపిల్లకు ఎన్ని తలుపులు మూసి ఉండేవో చూపిస్తాయి. అమాండా కథ ఆ రెండో రకం. ఆ కథలూ, వాటి వెనకున్న నిజమైన కాలమూ చెప్పే విశేషాలు ఇవి.

*

ఈ రకం కథకు ముత్తాత అనదగ్గ రచన సాక్షాత్తు హెన్రీ జేమ్స్‌ది. ‘ది సెన్స్ ఆఫ్ ది పాస్ట్’ నవలలో రాల్ఫ్ పెండ్రెల్ అనే అమెరికన్ యువకుడు లండన్‌లో వారసత్వంగా వచ్చిన పాత ఇంట్లోకి వెళ్లి నేరుగా 1820లో తేలతాడు. జేమ్స్ 1900లో మొదలుపెట్టి వదిలేసి, మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక మళ్లీ పట్టుకున్నాడు. పూర్తికాకుండానే కన్నుమూశాడు. 1917లో అది అసంపూర్తిగానే అచ్చయింది. దాని ఆధారంగా జాన్ బాల్డర్‌స్టన్ 1926లో ‘బర్క్‌లీ స్క్వేర్’ నాటకం రాశాడు. అందులో కథను 1784కు జరిపాడు. 1933లో సినిమాగా వచ్చినప్పుడు నాయకుడు లెస్లీ హోవార్డ్. గతాన్ని ఆరాధించే ఆ యువకుడికి అక్కడికి చేరాక కనిపించేది మురికి, క్రూరత్వం. జరగబోయేవి ముందే తెలిసిన అతణ్ని చూసి అక్కడివాళ్లు భయపడతారు. నచ్చిన కాలంలోకి వెళ్లినవాడు ఆ కాలానికి నచ్చకపోవడం అన్న ఆలోచన అప్పుడే పుట్టింది.

*

రీజెన్సీ అంటే దాదాపు తొమ్మిదేళ్లు. మూడో జార్జి రాజుకు మతి చలించడంతో 1811 ఫిబ్రవరి 5న ఆయన కొడుకు రాజప్రతినిధి అయ్యాడు. 1820 జనవరి 29న రాజు చనిపోవడంతో ఆ ఏర్పాటు ముగిసింది. జేన్ ఆస్టెన్ నవలలు ఆరూ ఆ తొమ్మిదేళ్లలోనే వెలువడ్డాయి. ఆఖరి రెండూ ఆమె మరణానంతరం.

1811 జూన్ 19న రాజప్రతినిధి తన కార్ల్‌టన్ హౌస్‌లో దాదాపు 2000 మందికి విందు ఇచ్చాడు. ఆయన కూర్చున్న పొడవాటి భోజనబల్ల మధ్యలో నీటి కాలువ పారించి, అందులో చేపలు వదిలారు. అదే ఏడాది నాటింగ్‌హామ్ ప్రాంతంలో కూలి పడిపోయిన మేజోళ్ల నేతగాళ్లు రాత్రివేళ మగ్గాలు పగలగొట్టడం మొదలుపెట్టారు. లడ్డైట్లన్న పేరు వాళ్లదే. మరుసటి ఏడాది పార్లమెంటు మగ్గం పగలగొట్టినవాళ్లకు మరణశిక్ష వేయవచ్చని చట్టం చేసింది. కాలప్రయాణపు ప్రేమకథలు చేపల కాలువ పక్కన దిగుతాయి గానీ నాటింగ్‌హామ్‌లో దిగినది నా కంటపడలేదు. ఎవరైనా రాస్తే బాగుండును.

*

ఆ రాజప్రతినిధి అంటే జేన్ ఆస్టెన్‌కు ఒళ్లుమంట. భార్య పట్ల అతని ప్రవర్తన చూసి అసహ్యించుకుంటున్నట్టు 1813లో ఒక ఉత్తరంలో రాసుకుంది. అతనికి మాత్రం ఆమె పుస్తకాలంటే ఇష్టం. 2018లో రాచకుటుంబపు దస్తావేజుల్లో ఓ బిల్లు బయటపడింది. 1811 అక్టోబరు 28న రాజప్రతినిధి పేర ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ప్రతి ఒకటి 15 షిల్లింగులకు కొన్నట్టు అందులో ఉంది. ఆ పుస్తకం విడుదలైందని పత్రికలో ప్రకటన రావడానికి ఇంకా రెండు రోజులు ఉంది. ఇప్పటివరకు దొరికిన ఆధారాల్లో ఆస్టెన్ పుస్తకానికి నమోదైన మొట్టమొదటి అమ్మకం అదే. నాలుగేళ్ల తర్వాత, తదుపరి నవలను తనకు అంకితమివ్వవచ్చని అతని గ్రంథపాలకుడు ఆమెకు సెలవిచ్చాడు. అలాంటి సెలవు ఆజ్ఞతో సమానం. ‘ఎమ్మా’ అలా అతనికి అంకితమైంది.

*

అమాండా ఎట్టకేలకు నవలా నాయకుడు, పెంబర్లీ భవన యజమాని డార్సీ ప్రేమను గెలిచాక అతణ్ని ఒకే ఒక్క కోరిక కోరుతుంది. తోటలో ఉన్న కొలనులో మునిగి, తడిసిన బట్టలతో తన ముందుకు రావాలి. ఆ దృశ్యం ఆస్టెన్ నవలలో ఎక్కడా లేదు. 1995లో బీబీసీ కోసం ఆండ్రూ డేవీస్ రాసిన సీరియల్‌లో కాలిన్ ఫర్త్ తడి చొక్కాతో నడిచొచ్చే సన్నివేశం అది. చెషైర్‌లోని లైమ్ పార్క్‌లో చిత్రీకరించారు. 2013లో లండన్ హైడ్ పార్క్ చెరువులో నీళ్లలోంచి లేస్తున్న డార్సీ బొమ్మను 12 అడుగుల ఎత్తున నిలబెట్టారు కూడా. అమాండా గుండెల్లో ఉన్న డార్సీ సగం పుస్తకంలోవాడు, సగం టీవీలోవాడు. మనం ప్రేమించే గతంలో మన కాలం కల్పించుకున్నది ఎంత ఉంటుందో గై ఆండ్రూస్ ఈ చిన్న కోరికతో చెప్పేశాడు. ఆ సీరియల్ మొత్తంలో అంతకంటే తెలివైన సన్నివేశం లేదని నా అభిప్రాయం.

*

ఇక డబ్బు సంగతి. ఆస్టెన్ పాత్ర గదిలోకి రాగానే అతని ఆదాయం ఎంతో మనకు తెలిసిపోతుంది. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. ఎలిజబెత్ తండ్రికి 2,000. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులు మొత్తం ప్రచురణకర్త థామస్ ఎగర్టన్‌కు అమ్మేసినందుకు జేన్ ఆస్టెన్‌కు దక్కినది 110 పౌండ్లు. ఆమె 150 అడిగింది. లెక్కవేసి చూడండి, ఆ పుస్తకాన్ని సృష్టించినామెకు ఇచ్చిన మొత్తం డార్సీకి నాలుగు రోజుల్లో వచ్చిపడుతుంది. 1813 జనవరి 28న పుస్తకం మూడు సంపుటాలుగా 18 షిల్లింగుల ధరకు వచ్చింది. ముఖపత్రం మీద ఆమె పేరు లేదు, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రచయిత అని మాత్రం ఉంది. అంతకు పదిహేనేళ్ల ముందు, 1797 నవంబరులో, దాని తొలి రూపాన్ని చూస్తారా అని ఆమె తండ్రి ఒక లండన్ ప్రచురణకర్తకు రాస్తే, వద్దంటూ తిరుగుటపాలోనే జవాబు వచ్చింది.

బెన్నెట్లకు ఐదుగురు ఆడపిల్లలు. ఇల్లూ భూమీ మగవారసుడికే చెందాలన్న కట్టుబాటు వల్ల తండ్రి పోగానే అన్నీ దూరపు బంధువు కాలిన్స్‌కు వెళ్లిపోతాయి. వాళ్ల తల్లి పెళ్లిళ్ల కోసం పడే ఆరాటాన్ని చూసి అందరూ నవ్వుతారు. నాకైతే ఆ ఇంట్లో రేపటి గురించి ఆలోచించేది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. పెళ్లయినా ఆడదాని చేతికి ఆస్తి వచ్చేది కాదు. పుట్టింటివాళ్లు ప్రత్యేకంగా రాయించి పెట్టుకుంటే తప్ప భార్య సొత్తు చట్టం దృష్టిలో భర్తదే. ఇంగ్లండులో ఇది 1870, 1882 చట్టాలతో గానీ మారలేదు. విడాకులు కావాలంటే 1857 దాకా పార్లమెంటు చేత విడిగా చట్టం చేయించుకోవాల్సి వచ్చేది. అంత ఖర్చు భరించగలిగేది ఎవరో చెప్పక్కర్లేదు.

*

అమాండా ఆ ఇంట్లో అడుగుపెట్టగానే కథ పట్టాలు తప్పుతుంది. పెద్దమ్మాయి జేన్‌ను పెళ్లాడాల్సిన బింగ్లీ అమాండా వైపు మొగ్గుతాడు. సర్దుబాటు చేద్దామని ఆమె చేసే ప్రతి పనీ బెడిసికొడుతుంది. చివరికి జేన్‌కు కాలిన్స్‌తోనే పెళ్లి జరిగిపోతుంది. నవలలో దుర్మార్గుడైన విక్‌హామ్ ఇక్కడ ఓ అమ్మాయి పరువు కాపాడటానికి నింద మోస్తున్న మంచివాడని తేలుతుంది. ఆస్టెన్ చెప్పినదంతా ఆ పాత్రలు తమ గురించి తాము చెప్పుకున్న మాటేనేమో అన్న అనుమానం నాటుతాడు రచయిత.

అన్నిటికన్నా పదునైనది మూడో భాగంలో ఉంది. అమాండాకు ఇంతకుముందే ఒక మగవాడితో సంబంధం ఉందని తెలియగానే, ఆమెను ప్రేమిస్తున్న డార్సీ పెళ్లికి వెనకాడతాడు. చిన్నప్పటి నుంచి ఆమె కలలుగన్న మనిషి నోటే ఆ మాట వస్తుంది. అతను చెడ్డవాడేం కాదు, తన కాలపు మనిషి, అంతే. రెండు శతాబ్దాల దూరం అక్కడ ఒక్కసారిగా తెలుస్తుంది. కాలప్రయాణపు ప్రేమకథ అన్న పేరుకు తగ్గ సన్నివేశం అదే.

మరి ఇటు వచ్చిన ఎలిజబెత్? అమాండా తిరిగొచ్చి వెతికేసరికి ఆమె లండన్‌లో ఓ ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఉద్యోగంలో ఉంటుంది. ఈ కాలం ఆమెకు బాగా పట్టుబడుతుంది. చివరికి అమాండా డార్సీ దగ్గరే ఉండిపోతుంది. ఎలిజబెత్ మాత్రం మన కాలాన్నే ఎంచుకుంటుంది, తండ్రి కూడా వెళ్లమనే అంటాడు. అమాండా నిర్ణయం కన్నా ఎలిజబెత్ నిర్ణయమే నాకు సహజంగా తోచింది.

*

ఆస్టెన్ కాలానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన మర్యాదలు కొన్ని. పెళ్లి నిశ్చయం కాని అబ్బాయికి అమ్మాయి ఉత్తరం రాయకూడదు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో మరియన్ రాస్తుంది కాబట్టే అందరూ ఆమెకు నిశ్చితార్థం అయిపోయిందనుకుంటారు. టపా ఖర్చు ఉత్తరం అందుకున్నవాళ్లు కట్టాలి, అదీ దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి. అందుకే ఒకే కాగితం మీద రాసింది రాశాక దాన్ని అడ్డంగా తిప్పి ఆ వరసల మీదుగానే మళ్లీ రాసేవాళ్లు. 1840లో పెన్నీ స్టాంపు వచ్చేదాకా ఇదే పద్ధతి. ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఎందరున్నా ‘మిస్ బెన్నెట్’ అని పిలిచేది పెద్దమ్మాయినే. మిగిలినవాళ్లకు పేరు కూడా చేర్చాలి.

*

రీజెన్సీ అనగానే కళ్లముందు కదిలే డ్యూకులు, ఆల్‌మాక్స్ నాట్యశాల, ద్వంద్వయుద్ధాలు చాలావరకు ఆస్టెన్ లోకానివి కావు. ఆమె రాసింది పల్లెల్లో ఉండే మధ్యతరహా భూస్వాముల గురించి, మతాచార్యుల గురించి, నౌకాదళ అధికారుల గురించి. డ్యూకుల లోకాన్ని కట్టింది జార్జెట్ హేయర్. 1935లో వచ్చిన ఆమె ‘రీజెన్సీ బక్’తో ఈ సాహిత్యశాఖ మొదలైందని చెబుతారు. దుస్తులు, బగ్గీలు, ఆనాటి వాడుక మాటలు అన్నీ నోటుపుస్తకాల్లో బొమ్మలతో సహా రాసిపెట్టుకుని పనిచేసిన మనిషి ఆమె. ఆ శ్రమ వల్లే ఆమె కట్టిన లోకం నిజమైన చరిత్రంత గట్టిగా పాఠకుల మనసుల్లో నిలిచిపోయింది. టోపీ, గౌను వేసుకుని కాలప్రయాణం చేసే నేటి నాయికలు తెలియకుండానే హేయర్ ఇంటి తలుపు తడుతుంటారు.

*

లారీ వియెరా రిగ్లర్ 2007లో రాసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ జేన్ ఆస్టెన్ అడిక్ట్’లో లాస్ ఏంజెలెస్ అమ్మాయి కోర్ట్‌నీ నిద్రలేచేసరికి 1813 ఇంగ్లండులో ఇంకొకరి ఒంట్లో ఉంటుంది. 2009లో వచ్చిన రెండో నవలలో ఆ ఇంకొకామె కోర్ట్‌నీ ఒంట్లో లాస్ ఏంజెలెస్‌లో కళ్లు తెరుస్తుంది. మనకు పరకాయప్రవేశం కొత్తేమీ కాదు కాబట్టి, తెలుగు పాఠకులకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది.

కాథ్లీన్ ఫ్లిన్ ‘ది జేన్ ఆస్టెన్ ప్రాజెక్ట్’ (2017) మరీ ఆసక్తికరం. భవిష్యత్తు నుంచి ఒక డాక్టరమ్మ, ఒక నటుడు అన్నాచెల్లెళ్ల వేషంలో 1815కు వస్తారు. నేరుగా జేన్‌ను కలవలేరు కాబట్టి ముందు ఆమె అన్న హెన్రీతో స్నేహం చేస్తారు. వాళ్లొచ్చిన పని, ఆమె అక్క కసాండ్రాకు రాసిన ఉత్తరాలనూ, ‘ది వాట్సన్స్’ నవల ప్రతినీ సంపాదించడం. ఈ రెండు వస్తువుల వెనుకా నిజమైన బాధ ఉంది. చెల్లెలు పోయాక చాలా ఏళ్లకు కసాండ్రా ఆమె ఉత్తరాలు ఎన్నో కాల్చేసింది. ఇప్పుడు మిగిలినవి సుమారు 160. ‘ది వాట్సన్స్’ బాత్ నగరంలో ఉండగా మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన నవల. ఆ రాతప్రతిలో ప్రధాన భాగాన్ని 2011లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీ 9,93,250 పౌండ్లకు కొన్నది. డాక్టరును పంపడంలోనూ అర్థముంది. 1817 జూలై 18న, 41 ఏళ్ల వయసులో ఆమెను బలిగొన్న జబ్బేమిటో నేటికీ తేలలేదు. 1964లో జకారీ కోప్ అనే సర్జను అది అడిసన్స్ వ్యాధి అన్నాడు. రక్తపు క్యాన్సరన్న వాదన తర్వాత వచ్చింది.

*

రోగం వస్తే మాత్రం రీజెన్సీ ప్రేమకథలో ఒక్కరోజు కూడా ఉండబుద్ధి కాదు. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో ఉన్న ఇంగ్లిషు నవలా రచయిత్రి ఫానీ బర్నీకి రొమ్ము తొలగించే ఆపరేషన్ జరిగింది. మత్తుమందు లేదు. ముందుగా ఇచ్చింది కాస్త ద్రాక్షసారాయి మాత్రమే. తనకేం జరిగిందో పూసగుచ్చినట్టు అక్కకు ఉత్తరం రాసింది. ఈథర్‌తో మత్తిచ్చి ఆపరేషన్ చేసి చూపించడం 1846లో. బర్నీ ఆ తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లు బతికింది. ఆస్టెన్ అభిమానించిన రచయిత్రి ఆమె. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అన్న పేరు బర్నీ ‘సెసీలియా’ నవల చివర్లోని మాటల నుంచి వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం.

*

1810లో లండన్‌కు వెళ్తే భారతీయ భోజనం దొరికేది. పట్నా వాడైన దీన్ మహమ్మద్ జార్జి వీధిలో ‘హిందూస్తానీ కాఫీ హౌస్’ తెరిచాడు. బ్రిటన్‌లో భారతీయుడు పెట్టిన మొదటి భోజనశాల అదే. 1812లో ఆయన దివాలా తీశాడు. తర్వాత బ్రైటన్ చేరి, మూలికల ఆవిరి పట్టి తలా ఒళ్లూ మర్దన చేసే స్నానశాల నడిపాడు. ఒకప్పటి రాజప్రతినిధి, అప్పటికి నాలుగో జార్జి రాజు, ఆయన దగ్గరే మర్దన చేయించుకునేవాడు.

ఆస్టెన్ కుటుంబానికీ మన దేశానికీ ఉన్న బంధం ఇంకా దగ్గరిది. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా తల్లీతండ్రీ లేని పిల్ల. లండన్‌లో టోపీలు కుట్టే కొట్లో పని నేర్చుకుంది. 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చింది, పెళ్లి చేసుకోవడానికే. మరుసటేడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ సర్జను హాన్‌కాక్‌ను చేసుకుంది. కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టింది. ఆమెకు జ్ఞానపితగా నిలిచినవాడు వారెన్ హేస్టింగ్స్. ఎలైజా భర్త అయిన ఫ్రెంచి ప్రభువు విప్లవంలో గిలెటిన్ పాలయ్యాడు. 1797లో ఆమె జేన్ అన్న హెన్రీని పెళ్లాడింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హేస్టింగ్స్‌కు నచ్చిందని తెలిసి జేన్ సంబరపడింది. మేనత్త ప్రయాణం ఆమె మనసులో మెదులుతూనే ఉండాలి. పదహారేళ్లప్పుడు రాసిన ‘కేథరిన్’లో, భర్త కోసం బెంగాలుకు పంపిన ఓ అనాథ పిల్ల దుఃఖం ఉంది.

‘నార్తాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ చెల్లెలికి అసలైన ఇండియా మస్లిన్ చవగ్గా కొన్నానని గర్వంగా చెప్పుకుంటాడు. మన బందరు అద్దకం బట్టలు అంతకు ముందే ఇంగ్లండును ఊపేశాయి. అక్కడి నేతగాళ్ల గోలతో అద్దకపు నూలుబట్ట కట్టడాన్నే 1721లో నిషేధించారు, 1774లో గానీ ఎత్తేయలేదు. 1813లో, డార్సీ అచ్చులోకి వచ్చిన ఏడాదే, కొత్త చార్టర్ చట్టంతో భారత వర్తకంపై కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. లాంకషైర్ మిల్లుబట్ట మన రేవుల్లో దిగడానికి దారి తెరుచుకుంది. ఆస్టెన్ నాయికల గౌను అంచు పట్టుకుని వెనక్కి నడిస్తే మన నేతగాడి గుమ్మం దాకా వస్తాం. ఆ దారిన కాలప్రయాణం చేసే నవల తెలుగులో రావాలని నా కోరిక.

2000లో రాజీవ్ మీనన్ తమిళంలో తీసిన ‘కండుకొండేన్ కండుకొండేన్’ తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’గా వచ్చింది. అది ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ కథే. అందులో కాలయంత్రం లేదు, తలుపూ లేదు. వీలునామా వల్ల ఇల్లు మగవారసుడి పాలవడం, తల్లీకూతుళ్లు కట్టుబట్టలతో ఊరు విడవడం 1811 ఇంగ్లండు నుంచి దక్షిణాదికి పెద్దగా మార్పు లేకుండానే వచ్చేశాయి. మారింది ఒక్కటే. మద్రాసు చేరిన పెద్దమ్మాయి, టబు వేసిన సౌమ్య పాత్ర, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వెతుక్కుని ఇల్లు నిలబెడుతుంది. ఆస్టెన్ రాసిన ఎలినార్‌కు బంధువు దయతలచి తక్కువ అద్దెకిచ్చిన చిన్న ఇల్లు దొరికింది గానీ, సంపాదించుకునే వీలు ఎక్కడా దొరకలేదు.